పదో తరగతిలో ఇల్లు విడిచి: మా మనవరాలి బోర్డింగ్ స్కూలు దరఖాస్తు

(2025 డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకన్న ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. డీఏ బకాయిల మీద కూడా చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వారి పిల్లలు, అంటే మన మనవలు, హైస్కూలు వయసుకు వచ్చారు. "మావాణ్ణి బోర్డింగ్ స్కూల్లో వేస్తారట, అదీ పదో తరగతిలో, అదేం పద్ధతండీ?" అని ఈ ఏడాది నన్ను నలుగురైదుగురు అడిగారు. మా మనవరాలు అలా చేరింది కనుక, ఆ దరఖాస్తు నడిచిన ఆరు నెలలూ నేను అక్కడే ఉన్నాను కనుక, నేను చూసినంత చెబుతాను.

మనకు పదో తరగతి అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. బదిలీ ఆర్డరు చేతికొచ్చినా, "పిల్లవాడు టెన్తులో ఉన్నాడు సార్, ఒక్క ఏడాది ఆపండి" అని పైఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లం మనం. పదిలో బడి మార్చడమంటే పెళ్లి పీటల దగ్గర పురోహితుణ్ణి మార్చినట్టే. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే పేరు రిజిస్టరు అవుతుంది, పదిలో నేరుగా చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల బదిలీ వంటి కారణం చూపాలి. నవోదయలో ఆరో తరగతిలో చేరాలి, తరువాత మిగిలిన సీట్లకు తొమ్మిదిలోనూ పదకొండులోనూ పరీక్ష పెడతారు. పదికి తలుపు లేదు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. పది చివర మన ఎస్సెస్సీ వంటి పరీక్ష లేదు. కనుక వాళ్లకు పది అంటే నాలుగు మెట్లలో రెండోది, అంతే. ఎక్కువమంది తొమ్మిదిలో చేరతారు, కొంతమంది పదిలో, ఇంకా కొద్దిమంది పదకొండులో. పేర్లు కూడా చిత్రంగా ఉంటాయి. అండోవర్, ఎక్సెటర్ అనే పాత స్కూళ్లలో (మొదటిది 1778లోనూ రెండోది 1781లోనూ పుట్టాయి) పదో తరగతివారిని "లోయర్" అంటారు. న్యూజెర్సీలోని లారెన్స్‌విల్‌లో "థర్డ్ ఫారమ్" అంటారు. సెయింట్ పాల్స్‌లో అదే తరగతి "ఫోర్త్ ఫారమ్". మనలో ఎనభై దాటిన పెద్దలు ఫస్టు ఫారమ్, సిక్స్తు ఫారమ్ అని చదువుకున్నవారే కనుక వారికి నవ్వు రాదు, మిగిలినవారు నవ్వవచ్చు.

మేమిద్దరం 2022 సెప్టెంబరు రెండోవారంలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. (లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఎలా చేశావని అడగకండి, అది వేరే ప్రసంగం.) మనవరాలు అప్పుడే తొమ్మిదిలో చేరింది. దగ్గరలోని ప్రభుత్వ హైస్కూలు. మంచి బడే. ఫీజు లేదు, బస్సు ఇంటి ముందుకు వస్తుంది, వచ్చే మార్కులన్నీ ఏ గ్రేడులే. అయినా ఆ పిల్ల తల్లిదండ్రుల ముందు కాగితం పెట్టింది, "వచ్చే ఏడాది పదికి నేను బోర్డింగ్ స్కూలుకు దరఖాస్తు పెడతాను" అని. ఎనిమిది అయిన వేసవిలో స్నేహితురాలి అక్క చదివే స్కూలు చూడడానికి వెళ్లిందట. అక్కడ ఒక క్లాసులో పెద్ద కోలబల్ల, దాని చుట్టూ పన్నెండు మంది పిల్లలు, వారితోపాటే టీచరు కూర్చోవడం చూసింది. ఆ పద్ధతి ఎక్సెటర్‌లో మొదలైంది. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ధనవంతుడు ఇచ్చిన పెద్ద విరాళంతో పెట్టారు కనుక ఆ బల్లను హార్క్‌నెస్ టేబుల్ అంటారు. ఉపన్యాసం ఉండదు. పిల్లలే చదివి వచ్చి మాట్లాడుకోవాలి.

ఇక్కడ చిక్కేమిటంటే మా మనవరాలు మాట్లాడదు. ఇంట్లో నలుగురు చేరితే గ్యారేజీలోకి పోయి సైకిలు విప్పుకుంటుంది. "మాట్లాడని పిల్లకి మాట్లాడే బడి ఎందుకు?" అని అల్లుడుగారు అడిగారు. "ఇరవై ఎనిమిది మంది ఉన్న క్లాసులో నేను చెప్పాలనుకున్నది సిద్ధం చేసుకునేలోపు పాఠం ముందుకు పోతుంది నాన్నా, పన్నెండు మందిలో అయితే ఆగుతారు" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. వాళ్ల అమ్మమ్మకు నచ్చలేదు. "పద్నాలుగేళ్ల ఆడపిల్ల. ఎలాగూ పద్దెనిమిదికి కాలేజీకని పోతుంది. మధ్యలో ఉన్న మూడేళ్లు కూడా ఇంట్లో లేకపోతే ఇక కన్నది ఎందుకు?" అని కూతురితో అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ సమాధానం లేదు.

మన దగ్గర కూడా పిల్లల్ని హాస్టళ్లకు పంపాం. 1971లో పి.వి. నరసింహారావుగారి చొరవతో సర్వేలులో రెసిడెన్షియల్ స్కూలు మొదలైంది. తరువాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. మన సహోద్యోగుల పిల్లలు ఎందరో వాటిలో చదివి పైకి వచ్చారు. అయితే ఒక తేడా గమనించాను. మనవాళ్లు పంపింది ఇంటి దగ్గర అంత మంచి బడి లేక. అక్కడ మంచి బడి ఉండగానే పంపడం. అందుకే ఆ స్కూళ్లవారు పదికి వచ్చే పిల్లని మొదట అడిగేది అదే: ఉన్న బడి వదిలి ఎందుకు వస్తున్నావు? ఉన్న బడిని తిట్టకుండా ఈ ప్రశ్నకు జవాబు రాయాలి. తిడితే, రేపు మమ్మల్నీ ఇలాగే తిడుతుందని అనుకుంటారు.

ఇక సీట్ల సంగతి. తొమ్మిదిలో చేరినవారే పైతరగతికి వెళ్తారు. పదిలో దొరికేవి ఎవరో వెళ్లిపోగా మిగిలినవి, స్కూలువారు కొత్తవారి కోసమని ఉంచుకున్న కొన్ని. అందులోనూ లెక్క మంచాలతో. ఆడపిల్లల మంచాలు వేరు, మగపిల్లల మంచాలు వేరు, ఇంటి నుంచి వచ్చేవారి సీట్లు వేరు. కనుక ఒకే స్కూలు ఒక ఏడాది నలుగురు ఆడపిల్లల్ని తీసుకుంటే మరో ఏడాది ఇరవై మందిని తీసుకోవచ్చు. కాదన్నారంటే పిల్ల పనికిరానిదని కాదు, చాలాసార్లు మంచం లేదని అర్థం. దీనికి అక్కడివారు ఒక అడ్డదారి చెబుతారు: తొమ్మిది మళ్లీ చదువుతానని దరఖాస్తు పెట్టడం. సీట్లు ఎక్కువ, నాలుగేళ్లూ అక్కడే ఉండవచ్చు. ఆటలవారు ఇది బాగా చేస్తారు. మా పిల్ల వద్దంది. ఒక ఏడాది ఫీజు అదనమని అల్లుడుగారూ వద్దన్నారు. పదకొండు దాకా ఆగుదామా అంటే, పన్నెండు మొదట్లోనే కాలేజీ దరఖాస్తులు వస్తాయి. అప్పటికి కొత్త టీచర్లు పిల్లని చూసింది ఒక్క ఏడాదే అవుతుంది. పదిలో చేరితే రెండేళ్లు. అందుకని పదే సరి అనుకున్నారు.

దరఖాస్తు ఆఖరు తేదీ చాలా స్కూళ్లకు జనవరి 15. ఫలితం మార్చి 10. చేరేదీ లేనిదీ ఏప్రిల్ 10 లోపు చెప్పాలి. కాని పని సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే స్కూలు చూడాలి, ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి. ఆలస్యమైతే తేదీలు దొరకవు.

పరీక్ష పేరు ఎస్సెస్ఏటీ. మా పిల్ల 2022 డిసెంబరులో రాసింది. లెక్కలు, చదివి అర్థం చేసుకోవడం, మాటల అర్థాలు. అయిదు జవాబులలో ఒకటి గుర్తుపెట్టాలి, తప్పు గుర్తుపెడితే పావు మార్కు కోత. మొత్తం 2400. ఇందులో మనవాళ్లు గాభరా పడేది పర్సంటైల్ దగ్గర. అది మార్కుల శాతం కాదు. అదే తరగతిలో ఉండి గత మూడేళ్లలో ఆ పరీక్ష రాసినవారితో పోలిక. రాసేవారంతా ఇలాంటి స్కూళ్లకు పోదామనుకునే పిల్లలే కనుక, బడిలో ఎప్పుడూ మొదట ఉండే పిల్లకి డెబ్బై వచ్చినా కంగారు పడనక్కరలేదు. కోవిడ్ తరువాత ఆ పరీక్ష తప్పనిసరి కాదన్న స్కూళ్లు కూడా ఉన్నాయి.

టీచర్ల రిపోర్టులు మన సీఆర్‌ల వంటివే. ఇంగ్లీషు టీచరు, లెక్కల టీచరు, స్కూలు కౌన్సెలరు రాసి నేరుగా పంపుతారు, మనకు చూపరు. పదికి దరఖాస్తు పెట్టే పిల్లకి ఇక్కడే కష్టం. తొమ్మిదిలో కొత్త బడికి వచ్చి మూడు నెలలే అయింది. పెద్ద బడి, టీచరుకు పేరు కూడా సరిగా తెలియదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి సైన్సు టీచరు చేత కూడా ఒక ఉత్తరం రాయించింది. అలా అదనంగా ఒకటి పంపడానికి వీలుంటుంది. రిపోర్టు అడిగేటప్పుడు పిల్లే స్వయంగా వెళ్లి అడగాలి, నెల రోజుల ముందు అడగాలి. తండ్రి ఈమెయిల్ పెట్టడం అక్కడ బాగుండదు.

వ్యాసం గురించి కొంచెం వివరంగా చెబుతాను. అల్లుడుగారి స్నేహితుడొకాయన ఒక కన్సల్టెంటును చూపించాడు. వేల డాలర్ల ఫీజు. ఒకసారి ఉచితంగా మాట్లాడతానంటే మాట్లాడించారు. మా పిల్ల రాసింది సైకిలు చెయిను గురించి. ఎదురింటి కుర్రవాడి సైకిలుకు కొత్త చెయిను వేసింది. తొక్కితే జారిపోతోంది. మళ్లీ విప్పింది, మళ్లీ వేసింది. మూడు శనివారాలు గడిచాక తెలిసింది, చెయిను మంచిదే, వెనక పళ్లచక్రం అరిగిపోయిందని. అరిగిన పళ్ల మీద కొత్త చెయిను నిలవదు. మన ఊరి సైకిలు షాపు కుర్రవాడు చూడగానే చెప్పేవాడు, అది వేరే సంగతి. కన్సల్టెంటుగారు అది విని, "దీన్ని పేదపిల్లలకు ఉచితంగా సైకిళ్లు బాగుచేసే సేవాసంస్థగా రాద్దాం, నాయకత్వం కనబడాలి" అన్నారట. పిల్ల నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, నేను సంస్థ పెట్టలేదు, చెయిను బాగుచేశాను" అంది. అంతే, ఆ కన్సల్టెంటును మళ్లీ పిలవలేదు. ముప్పై అయిదేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. లేని ఖర్చు చూపించిన బిల్లు ఏదో ఒక కాలమ్‌లో పట్టుబడుతుంది. పిల్లలు రాసిన వ్యాసాలు ఏటా వందలకొద్దీ చదివేవారికి ఆ మాత్రం తెలియదా? నా చేత చదివించింది. నేను రెండు చోట్ల అర్థం కాలేదని పెన్సిలుతో గీత గీసి ఇచ్చాను. ఏం రాయాలో చెప్పలేదు.

అక్టోబరు, నవంబరులలో నాలుగు స్కూళ్లు చూశాం, నేనూ వెంట వెళ్లాను. చెట్ల ఆకులు ఎరుపు, పసుపు రంగులకు తిరిగి ఉంటాయి. ఆ అందం చూసి స్కూలు మంచిదనుకోకూడదని మా అమ్మాయి ముందే హెచ్చరించింది. ఎక్సెటర్‌లోని లైబ్రరీ మాత్రం నేను మరచిపోలేను. బయట ఇటుక, లోపల కాంక్రీటు గోడలో పెద్ద పెద్ద గుండ్రటి కన్నాలు, వాటిలోంచి కనిపించే పుస్తకాలు. కట్టించింది లూయీ కాన్. అహమ్మదాబాదు ఐఐఎం కట్టింది ఆయనే. ఆ ఇటుక చూడగానే దగ్గరితనం అనిపించింది.

ఇంటర్వ్యూ మొదట పిల్లతో ఒంటరిగా, తరువాత తల్లిదండ్రులతో విడిగా. ఒకచోట ఆ అధికారిణి మా అమ్మాయినీ అల్లుడుగారినీ ఒక్క ప్రశ్నే అడిగిందట: "మీ అమ్మాయి లేకుండా మంగళవారం రాత్రి మీ ఇల్లు ఎలా ఉంటుంది?" ఇద్దరూ జవాబు చెప్పలేకపోయారు. కారులో తిరిగి వస్తుంటే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా ఆవిడ ఇంటి దగ్గరే ఉండి తన ప్రశ్నలు ఒక కాగితం మీద రాయించి పంపింది. ఆ కాగితం అన్ని కరపత్రాలకన్న విలువైనదని నా అభిప్రాయం. రాత్రి జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఒక భవనంలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దవాళ్లు పడుకుంటారు? ఎవరైనా పెద్దవాడు తప్పుగా ప్రవర్తిస్తే పిల్ల ఎవరికి చెప్పాలి, ఆ చెప్పింది స్కూలు దాటి బయటికి ఎలా వెళ్తుంది? చివరిది అడగడానికి అల్లుడుగారు మొహమాటపడ్డారు. మొహమాటం అక్కరలేదు. 2016లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆ ప్రాంతపు ప్రయివేటు స్కూళ్లలో వెనకటి దశాబ్దాలలో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాల గురించి పెద్ద పరిశోధన ప్రచురించింది. ఆ తరువాత ఎన్నో స్కూళ్లు బయటివారి చేత విచారణ చేయించి నివేదికలు బయటపెట్టాయి. పేరు గొప్పదైతే భద్రత గొప్పదని కాదు. ఒక స్కూలువారు ఆ ప్రశ్నకు ముఖం చిట్లించారు. పిల్ల ఆ స్కూలు పేరు జాబితాలోంచి తనే కొట్టేసింది. తరువాత మరో రెండు చేర్చుకుంది.

ఇప్పుడు డబ్బు. 2022-23లో ఇలాంటి పెద్ద స్కూళ్లలో గదీ భోజనంతో కలిపి ఏడాదికి 60,000 డాలర్లు దాటింది, తరువాత ఇంకా పెరిగింది. అందరూ అంత కట్టరు. తల్లిదండ్రుల ఆదాయం, అప్పులు, ఇతర పిల్లల చదువు చూసి సహాయం ఇస్తారు. సహాయం అడిగినా అడ్మిషను మీద ప్రభావం ఉండదని అండోవర్ 2007లోనూ ఎక్సెటర్ 2021లోనూ విధానం పెట్టుకున్నాయి. చాలా స్కూళ్లకు అంత నిధి లేదు. అక్కడ సహాయం అడిగితే పోటీ పెరుగుతుంది. అది ముందే తెలుసుకోవాలి.

మార్చి 10 శుక్రవారం సాయంత్రం ఫలితాలు వచ్చాయి. మరునాడే మా విమానం. అయిదింటికి పెడితే రెండు కాదన్నాయి, రెండు వెయిటింగ్ లిస్టు, ఒకటి రమ్మంది. రమ్మన్నది చిన్న స్కూలు, పేరు చెప్పను. సహాయం సగం ఇచ్చారు. మిగిలిన సగం ఏడాదికి 30,000 డాలర్ల పైమాట. ఇక్కడొక సంగతి. జనవరిలో మా అమ్మాయి ఉద్యోగం పోయింది. ఆ శీతకాలం అక్కడ కంప్యూటరు కంపెనీలు వేలమందిని తీసేశాయి, మీరూ పేపర్లలో చదివే ఉంటారు. సహాయానికి లెక్క కట్టింది అంతకు ముందు ఏడాది ఇద్దరి జీతాల మీద.

ఆ రాత్రి పెట్టెలు సర్దుతుంటే మా అమ్మాయి వచ్చి కూర్చుంది. "నాన్నా, మన ఊళ్లో ఆ స్థలం..." అని ఆగిపోయింది. నేను అమ్మనని చెప్పాను. ఇది ఇక్కడ ఉన్న పెద్దలందరికీ చెప్పాలని ఇంతదూరం వచ్చాను. మన పెన్షను రూపాయలలో, వాళ్ల ఫీజు డాలర్లలో. ఆ స్థలం అమ్మితే ఒక ఏడాది గట్టెక్కుతుంది, కావలసినది మూడేళ్లు. నా తరువాత మా ఆవిడకు వచ్చేది ఫ్యామిలీ పెన్షను మాత్రమే, ఆ స్థలం ఆవిడది. పిల్లకి బోర్డింగ్ లేకపోతే ఇంటి దగ్గర మంచి బడి ఉంది. ముసలావిడకు స్థలం పోతే ఇంకొకటి లేదు. మా అమ్మాయి ఏడ్చింది. నేనూ బాధపడ్డాను. కాని మాట మార్చలేదు.

మార్చకుండా ఇంకో పని చెప్పాను. "నీ ఉద్యోగం పోయిన కాగితం, ఆఖరి జీతం చీటీ, నెల ఖర్చుల లెక్క పెట్టి ఒక పేజీ ఉత్తరం రాయమ్మా. బతిమాలొద్దు, అంకెలు రాయి" అన్నాను. మన భాషలో సప్లిమెంటరీ బిల్లు. మేము ఇక్కడికి వచ్చాక పది రోజులకు ఫోను చేసింది, సహాయం పెంచారని. పూర్తిగా కాదు. మిగిలినది వాళ్లు తమ కారు ఒకటి అమ్మి, నెలవారీ వాయిదాలు పెట్టుకుని కడుతున్నారు. ఉద్యోగం ఆ ఆగస్టులో మళ్లీ దొరికింది, జీతం తక్కువ.

2023 సెప్టెంబరులో చేరింది. పదిలో చేరిన పిల్లకి మొదటి మూడు నెలలు కష్టమే. మిగిలినవారికి ఒక ఏడాది స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి, భోజనాల దగ్గర ఎవరి బల్ల వారికి ఉంటుంది. చరిత్రలో మొదటి వ్యాసానికి సి గ్రేడు వచ్చింది, జీవితంలో మొదటి సి. అక్టోబరులో వాళ్ల అమ్మమ్మకు ఫోను చేసి చారు ఎలా పెట్టాలో అడిగింది. హాస్టల్లో పిల్లలకు చిన్న వంటగది ఉందట. ఈవిడ వీడియోలో గంటసేపు చెప్పింది. పోపులో ఎండుమిరపకాయలు మాడి పొగ అలారం మోగి, భవనంలో పిల్లలంతా బయటికి వచ్చి చలిలో నిలబడ్డారట. ఆ రాత్రి నుంచి ఆ పిల్ల అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు ఆఖరు సంవత్సరంలో ఉంది. బల్ల దగ్గర మాట్లాడుతున్నదా అని నేను అడిగితే, "తక్కువే తాతయ్యా, కాని ఆగుతారు" అంది.

ఇక్కడి నుంచి మనవల్ని పంపాలనుకునేవారికి రెండు మాటలు. మన తొమ్మిది ఏప్రిల్‌కు అయిపోతుంది, వాళ్ల పది ఆగస్టు ఆఖరులోనో సెప్టెంబరులోనో మొదలవుతుంది. దరఖాస్తు మాత్రం తొమ్మిది మధ్యలో, జనవరికే. ఫలితం వచ్చినా వీసా చేతికి వచ్చేదాకా ఇక్కడి బడిలో టీసీ తీసుకోవద్దు. ఇక్కడ పది క్లాసులు మొదలైతే పిల్లవాణ్ణి పంపుతూనే ఉండండి. వీసా ఎఫ్-1, స్కూలు ఇచ్చే ఐ-20 కాగితం ఉండాలి, డబ్బు ఉందని రుజువు చూపాలి. విదేశీ పిల్లలకు సహాయం చాలా స్కూళ్లలో బహు స్వల్పం. స్కూలుకు ముందే రాసి అడగండి.

మా అమ్మాయి తయారుచేసిన తేదీల పట్టిక, మా ఆవిడ రాయించిన ప్రశ్నల కాగితం జిరాక్సులు ఇరవై తెచ్చాను, కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి. భోజనాలు వడ్డిస్తున్నారని కబురు వచ్చింది. సెలవు.